గున్నమ్మకి లేని జబ్బు

గున్నమ్మకి జబ్బు చేసిందని ఊళ్ళో అందరూ నమ్మారు, ఒక్క గున్నమ్మ తప్ప.

వారం నుంచీ ఎవరో ఒకరు బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని పరామర్శకి వస్తూనే ఉన్నారు. మొదట్లో ఆవిడ వాకిలి ఊడుస్తూ ఎదురయ్యేసరికి వచ్చినవాళ్ళు తెల్లబోయి, తగ్గిందా అని అడిగి, బ్రెడ్డు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. తర్వాత ఆవిడే విసిగిపోయింది. వీధి మలుపులో ఎవరైనా కనబడితే చీపురు అక్కడే పడేసి లోపలికి వెళ్ళిపోవడం అలవాటు చేసుకుంది.

"నా కొడుకు నాకు రోగం అంటగట్టేడు. ఏ రోగమో సెప్పేడు కాడు. అడిగినోలకి నానేటి సెప్పాలి?" అని కోడలి దగ్గర గొణుగుతూ ఉండేది.

కోడలు రోజారమణి బదులు చెప్పేది కాదు. తెలిస్తే కదా చెప్పడానికి.

తెలిసింది ఆ ఇంట్లో ఇద్దరికే. తిరుపతిరావుకి, అతని కూతురు విజయదుర్గకి. వాళ్ళిద్దరూ వారం నుంచీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు.

శనివారం పొద్దున్న వంశధార మీంచి లేచిన మంచు ఇంకా పొలాల మీదే ఉంది. తల్లీకూతుళ్ళు పత్తి ఏరడానికి బయల్దేరుతున్నారు. దుర్గ నడుముకి గోనెపట్టా కట్టుకుంటూ వేళ్ళు చూసుకుంది. పత్తికాయ డొప్పలు గీసుకుని గోళ్ళ పక్కన చర్మం లేచిపోయింది. పోయిన శనివారం దాకా ఆ వేళ్ళకి ఇంకు మరకలు ఉండేవి.

అప్పుడు తిరుపతిరావు ఫోన్ మోగింది. అతను వాకిట్లోకి వెళ్ళి మాట్లాడాడు. "అవునమ్మా, ఇంకా అలగే ఉన్నాది," అన్న ముక్క ఒక్కటే లోపలికి వినబడింది. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తెరుబలి ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడీ నిలబడీ నల్లబడిన మొహం. ఈ వారం డ్యూటీకి పోలేదు. తనకి జ్వరమని కాంట్రాక్టరుకి చెప్పాడు. తల్లికి జబ్బని ఊరికి చెప్పాడు. ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు.

"అమ్మా, కాసేపు మంచం మీద తొంగో," అన్నాడు.

"ఎందుకు?"

"గుణుపురం నుంచి ఆ మనీష మేడమ్ వస్తన్నాది. నిన్ను సూడ్డానికి."

"సూడనీ. బాగున్నానని సూసి ఎల్తాది."

"అమ్మా."

"మీ నాన్న పోయిన ఏడు నాకు నిజంగానే జొరం వచ్చింది తిరుపతీ. అప్పుడు తొంగోమని ఒక్కలూ అన్నేదు. కళ్ళంలో పనుంది లెగమన్నారు."

అతను గుమ్మంలోంచి కదలలేదు. అలా నిలబడే ఉన్నాడు. కొడుకు మొహం చూస్తే ఆవిడకి ఏమనిపించిందో, గొణుక్కుంటూనే వెళ్ళి మంచమెక్కి దుప్పటి లాక్కుంది.

మనీష వస్తోందంటే దుర్గ చెయ్యి ముడి మీదికి వెళ్ళింది. కానీ నడుముకి కట్టిన గోనెపట్టా విప్పలేదు. విప్పమని తండ్రి అనలేదు మరి.

మనీష గుణుపురంలో ఆడపిల్లల ఇల్లు చూసుకుంటుంది. దానికి బోర్డు మీద పెద్ద పేరే ఉంది గానీ బజారంతా ముఠిఘర్ అంటారు. ఒడియాలో ముఠి అంటే పిడికిలి. ఉమాపతి అనే బియ్యం హోల్‌సేల్ షావుకారు తన గోడౌను మీద అంతస్తు ఇచ్చాడు. కాలేజీ లేని ఊళ్ళ నుంచి, కొండల మీద నుంచి వచ్చిన ఆడపిల్లలు అక్కడ ఉండి చదువుకుంటారు. తిండి ఊరు పెడుతుంది. గుణుపురంలో చాలా ఇళ్ళలో ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. శనివారం శనివారం ముఠిఘర్ పిల్లలు జతలు జతలుగా గుడ్డసంచి పట్టుకుని వీధులన్నీ తిరుగుతారు.

ఆ తిరగడానికి ఒక పద్ధతి ఉంది. పిల్లలు నోరు తెరిచి అడగకూడదు. గడప ముందు సంచి నోరు విప్పి నిలబడాలి, అంతే. పెట్టేవాళ్ళు కొలిచి పెట్టకూడదు, చేత్తో తీసి వెయ్యాలి. పదిమందిలో నోరు పెగలని దుర్గకి ఆ పద్ధతి మొదటినుంచీ నచ్చింది. మాట్లాడక్కర్లేదు కదా.

పోయిన శనివారం ఆమె, సుభశ్రీ కలిసి ఉమాపతి కొట్టు ముందు నిలబడ్డారు. సుభశ్రీ పద్మపూర్ అవతల కొండ ఊళ్ళ పిల్ల, సవర తెగ పిల్ల. కొట్లో రద్దీగా ఉంది. తెరుబలి నుంచి సెలవు మీద వచ్చిన ఇద్దరు మనుషులు సబ్బులు కొంటున్నారు. వాళ్ళలో ఒకాయన, పేరు అసిరయ్యట, నౌపడా బండి ఎక్కి తన ఊరు పోయే తొందరలో ఉన్నాడు. అయినా పిల్లల్ని చూసి ఆగాడు. షావుకారి బస్తాలో చెయ్యి పెట్టి, లెక్కలో రాసుకోమని నవ్వి, నిండా పిడికెడు బియ్యం తెచ్చి దుర్గ సంచిలో వేశాడు.

"సదువుకోండమ్మా. ఎవుల బిడ్డలో పాపం," అన్నాడు.

అతని వెనక రెండో మనిషి తిరుపతిరావు.

దుర్గ చూసింది. తండ్రి కూడా చూశాడు. తర్వాత అతను షావుకారి గోడ మీదున్న సబ్బుల బొమ్మ వైపు మొహం తిప్పుకున్నాడు. దుర్గ తల దించుకుని సంచి నోరు ముడిచింది. సుభశ్రీతో కలిసి పక్క కొట్టుకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే అతను ముఠిఘర్‌కి వచ్చి, మామ్మకి సీరియస్‌గా ఉంది, పిల్లని తీసుకెళ్తానన్నాడు. దారిపొడుగునా పలకలేదు. దుర్గ నిజమేననుకుని ఆటోలో ఏడుస్తూ వచ్చింది. ఇంటికొచ్చేసరికి మామ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

*

మనీష వచ్చేసరికి మంచు విడిపోయింది. ఆమెని తెచ్చిన ఆటో డ్రైవరు పింటు బండి వీధి చివర ఆపుకుని, ఊళ్ళోవాళ్ళతో కబుర్లలో పడ్డాడు. ఆమె యాపిల్ పళ్ళు, ఇంకో బ్రెడ్డు ప్యాకెట్టు తెచ్చింది. ముప్ఫై లోపు మనిషే అయినా కళ్ళ కింద నల్లగా ఉంది. తిరుపతిరావు కుర్చీ తుడిచి వేశాడు. రోజారమణి టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

"ఎలా ఉంది మామ్మగారూ?" అని మనీష మంచం పక్కకి వంగింది.

దుప్పట్లోంచి సన్నగా పొగ వచ్చింది.

గున్నమ్మకి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకుని పీలుస్తుంది. తొంగోమంటే తొంగుంది గానీ చుట్ట మానమని ఎవరూ చెప్పలేదు. మనీష ఒక్క క్షణం ఆ పొగ వంకే చూసింది. నవ్వలేదు. ఏం జబ్బని తిరుపతిరావుని అడిగింది. బీపీ అన్నాడతను. ఏ డాక్టరుకి చూపించారంటే, తగ్గకపోతే చూపిద్దామనుకుంటున్నా అన్నాడు.

మనీష కుర్చీలో వెనక్కి జారబడింది. ఇలాంటి ఇళ్ళు ఆమె చాలానే చూసింది. అబద్ధం అని తెలిసినా దాన్ని అబద్ధం అనకుండా మాట్లాడాలి. అందులోనే సగం ఓపిక అయిపోతుంది.

వచ్చిన పని నెమ్మదిగా చెప్పింది. సోమవారం నుంచి ప్లస్ టూ టెస్టు పరీక్షలు. అవి రాయకపోతే అసలు పరీక్షకి కాలేజీవాళ్ళు కూర్చోనివ్వరు. రెండోది, ముఠిఘర్‌లో దుర్గ మంచం వారంగా ఖాళీగా ఉంది. పుట్టాసింగి వైపు పిల్ల ఒకతె జాగా కోసం ఎదురుచూస్తోంది. రేపు కమిటీ కూర్చుంటుంది. దుర్గ వస్తుందో రాదో ఈ రోజే చెప్పాలి.

"మామ్మగారిని ఇలా వదిలి రమ్మని నేను అనలేను. కానీ ఆ పిల్లని కూడా ఇంక ఆపలేను బాబాయ్," అంది.

దుప్పటి కదిలింది. గున్నమ్మ లేచి కూర్చుంది. చుట్ట నోట్లోంచి తీసి, మంచం కోడుకి రాసి ఆర్పింది.

"అంటే నాకోసం గుంట సదువు ఆగిపోయిందా?"

తిరుపతిరావు కుర్చీ తుడిచిన గుడ్డ మడతపెడుతూ ఉండిపోయాడు.

"నిన్నే తిరుపతీ. పెద్దదాన్ని, నాకేటో అంటగట్టేవు, ఏదో అవసరం పడుంటాదని ఊరుకున్నాను. పిల్ల పత్తికి పోతంటే సెలవులనుకున్నాను. అమ్మా మేడమ్, నాకే జబ్బూ లేదు. పొద్దున్న రెండు బిందెలు నీలు తెచ్చేను. ఈడు ఎందుకిలగ సేసేడో ఈడినే అడుగు."

టీ గ్లాసులతో వచ్చిన రోజారమణి గుమ్మంలోనే ఆగిపోయింది.

తిరుపతిరావు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వారంగా దాచుకున్నది ఒక్క మాటలో బయటికి వచ్చింది.

"సంచి," అన్నాడు.

తర్వాత మిగతాది కూడా చెప్పాడు, ఎవరి మొహం చూడకుండా. కూతురు ఏదో ట్రస్టు ఇంట్లో ఉండి చదువుతోందని తెలుసు. హాస్టల్లాంటిదే కదా అనుకున్నాడు. అక్కడ తిండి ఎక్కణ్ణుంచి వస్తుందో అతను ఎప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తెరుబలిలో తన పక్క గదిలో ఉండే అసిరయ్య దుర్గ మీద జాలిపడి బియ్యం వేశాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ భూమి చేసిన నాటినుంచీ తమ కళ్ళంలో చేటలు పట్టుకుని నిలబడ్డవాళ్ళకి తమ ఇంటివాళ్ళే కొలిచి పోసేవారు. తాతా పోసేడు, నాన్నా పోసేడు. ఆ ఇంటి ఆడపిల్ల బజారులో నోరు విప్పిన సంచి పట్టుకుని నిలబడింది.

"భూమి పోయింది, ఫ్యాక్టరీకి ఎల్లేను. కొలిమి కాడ నిలబడ్డాను. నా మీద నవ్వినా ఊరుకున్నాను. ఇది మాత్రం నావల్ల కాదమ్మా."

అది భిక్ష కాదని మనీష చెప్పబోయింది. ఎన్నిసార్లు ఎన్ని ఇళ్ళలో చెప్పిందో, మాటలు వాటంతటవే వస్తున్నాయి. ఎవరి అన్నం తింటున్నారో పిల్లలకి తెలియాలని, ఎవరి పిల్లలకి పెడుతున్నారో ఊరికి తెలియాలని పెట్టిన పద్ధతి అది. షావుకారి మనవరాలు చదువుకున్నా సంచి పట్టాల్సిందే అంది.

రోజారమణి గ్లాసులు కింద పెట్టింది. తమ ఇంట్లోనూ రోజూ ఒక పిడికెడు తీస్తున్నానని, దుర్గ వచ్చినప్పుడల్లా మూట కట్టి పంపుతున్నానని, మనమూ వేస్తున్నాం కదా అని మెల్లగా అంది.

"ఎయ్యడం ఏరు, పట్టడం ఏరు," అన్నాడు తిరుపతిరావు.

టీ మీద మీగడ కట్టింది.

గున్నమ్మ ఆరిపోయిన చుట్టని వేళ్ళ మధ్య నలిపింది. కళ్ళం మాట వచ్చేసరికి ఆవిడ మొహం కూడా ఒకలా అయిపోయింది. ఆవిడది కూడా ఆ ఇంట్లో చేటలు నింపిన చెయ్యే కదా.

మనీష చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. వాదించే ఓపిక ఆమెకి లేదు. అడ్డు ఆ ఒక్కటే అయితే దానికి దారుందని చెప్పింది. శనివారాలు దుర్గ వంటింట్లో ఉంటుంది, బియ్యం ఏరుతుంది. సంచి సుభశ్రీ ఇంకెవరితోనైనా కలిసి పడుతుంది. కమిటీకి తను చెప్పుకుంటుంది.

తిరుపతిరావు తలెత్తాడు.

"బజారుకి ఎల్లక్కర్లేదా?"

"అక్కర్లేదు బాబాయ్."

"అలగైతే పంపిస్తాను. నాకు సదువు మీద కోపం లేదమ్మా. నిజంగా లేదు."

ఇంట్లో ఒక్కసారి గాలి ఆడినట్టయింది. గున్నమ్మ యాపిల్ పండొకటి తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. రోజారమణి అటక మీంచి దుర్గ బట్టల సంచి దింపడానికి స్టూలు లాక్కుంది. ఆలస్యమైతే మధ్యాహ్నం ఎండలో రోడ్డు బాగుండదని, త్వరగా తెమలమని మనీష దుర్గతో అంది.

దుర్గ వంటింటి గోడ దగ్గర నిలబడి ఉంది. నడుముకి గోనెపట్టా అలాగే ఉంది.

"నాను రాను," అంది.

అంత మెల్లగా అంది కాబట్టి మొదట ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ అనాల్సి వచ్చింది. రెండోసారి ఆమెకే తన గొంతు కొత్తగా వినబడింది.

"అలగైతే రాను అక్కా. నా బదులు సుభశ్రీ మొయ్యడానికైతే రాను. దానికీ నాన్న ఉన్నాడు."

"ఆలు ఏరు, మనం ఏరమ్మీ," అన్నాడు తిరుపతిరావు. విసుగ్గా కాదు, తెలియని పిల్లకి చెబుతున్నట్టు.

మనీష అందుకున్న టీ గ్లాసు తాగకుండానే కిందపెట్టేసింది.

ఇంతమంది ముందు ఇన్ని మాటలు దుర్గ ఎప్పుడూ మాట్లాడలేదు. గోడకేసి చూస్తే మాట్లాడగలననిపించింది, గోడకేసే చూసింది.

సుభశ్రీ వాళ్ళ నాన్న కొండచీపుర్లు కావడిలో వేసుకుని సంతకి వస్తాడని చెప్పింది. ఒక శనివారం వాళ్ళిద్దరూ సంచి పట్టుకుని తిరుగుతుంటే ఆయన సంతలోంచి చూశాడు. కావడి అక్కడే దింపేసి అడ్డంగా పరిగెత్తుకొచ్చాడు. తినడానికి తెచ్చుకున్న చోళ్ళ, అంటే రాగుల మూట విప్పి, పిడికెడు తీసి కూతురి సంచిలో వేశాడు. బియ్యంలో చోళ్ళు కలిసిపోయాయని కొట్టువాడు కసిరాడు. ఆయన పట్టించుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళకి చూపించి ఇది నా కూతురు, కాలేజీ చదువుతోందని వాళ్ళ భాషలో చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ ఒడియాలో చెప్పాడు.

"ఆ రేతిరి బియ్యంలోంచి సోళ్ళు నానే ఏరేను," అంది దుర్గ.

అక్కడితో ఆగుదామనుకుంది. ఆగలేకపోయింది.

"నువ్వు నన్ను సూసేవు నాన్న."

తిరుపతిరావు కాళ్ళు ముడుచుకున్నాడు.

"నువ్వూ నన్ను సూసేవు కదమ్మీ," అన్నాడు. "నువ్వెందుకు తల దించేసేవు?"

"పిలుస్తావని ఆగేను. పిలవలేదు. అందుకే దించేసేను."

గున్నమ్మ పండు తుడుస్తున్న చెయ్యి ఆగింది. రోజారమణి స్టూలు మీద నిలబడి భర్త వంక చూసింది. వారంగా అడగని ప్రశ్నలన్నిటికీ ఆమెకి ఇప్పుడు జవాబు దొరికింది. దొరకకపోయినా బాగుండేదనిపించేలా ఉంది భర్త మొహం.

"సంచి మొయ్యగలను నాన్న," అంది దుర్గ. "నువ్వు మొహం తిప్పుకుంటే మాత్రం మొయ్యలేను."

తిరుపతిరావు లేచాడు. గోడ మేకుకి తగిలించిన చొక్కా వేసుకున్నాడు. టిఫిన్ క్యారేజీ ఖాళీదే తన చేతిసంచిలో పెట్టుకున్నాడు. ఇంక డ్యూటీకి పోవాలి, వారం నాగా అయ్యింది అని గాలితో అన్నట్టు అన్నాడు. దుర్గ సంగతి ఏమిటని తల్లి వెనక నుంచి అడిగితే తిరిగి చూడలేదు. చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వినబడింది.

మనీష తల పట్టుకుంది. కుదిరిన మాటని ఎందుకు చెడగొట్టావని దుర్గని అడగబోయి, బ్యాగు అందుకుని లేచింది.

*

తర్వాత మాట్లాడింది రోజారమణి.

ఆమె అటక మీంచి బట్టల సంచి దింపింది. దుమ్ము దులిపింది. దుర్గ నడుముకున్న గోనెపట్టా ముడి తనే విప్పి తన నడుముకి కట్టుకుంది. ముడి గట్టిగా పడి ఉంటే పళ్ళతో లాగి విప్పింది.

"ఎల్లు," అంది.

"నాన్న ఏటీ సెప్పలేదమ్మా."

"వద్దని కూడా సెప్పలేదు. పత్తి నానేరుకుంటాను. ఎల్లి పరీచ్చ రాయి. సంచి పడతావో, వంటింట్లో ఉంటావో, అది నువ్వూ మీ అక్కా సూసుకోండి. నాకు ఇంక ఓపిక లేదమ్మీ."

భర్త మాట రాకుండా రోజారమణి ఏ నిర్ణయమూ తీసుకోగా దుర్గ ఎప్పుడూ చూడలేదు. తల్లి నడుముకి ఆ గోనెపట్టా చూసి, వద్దులే ఉండిపోతాననబోయింది. ఆ మాట వినకుండానే రోజారమణి పొలం దారి పట్టింది.

గున్నమ్మ తుడిచిన పండు మనవరాలి చేతిలో పెట్టింది. పరామర్శకి వచ్చిన బ్రెడ్డు ప్యాకెట్లన్నీ కూడా సంచిలో కుక్కింది. "ఆ పిల్లలకి పెట్టు. అడిగితే మామ్మకి తగ్గిపోయిందని సెప్పు," అంది.

ఆటోలో మనీష ఒక్కటే అడిగింది. ఈ రోజు శనివారం, ఉమాపతి కొట్టు వీధిలో సంచి పట్టాల్సింది దుర్గ, సుభశ్రీ. పడుతుందా అని. దుర్గ తలూపింది. మనీష తన బ్యాగులోంచి మడతపెట్టిన గుడ్డసంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

మెయిన్ రోడ్డు కల్వర్టు దగ్గర బస్సు కోసం నిలబడ్డ తిరుపతిరావు కనబడ్డాడు. పింటుకి ఇంట్లో జరిగిందేమీ తెలియదు. బండి ఆపి, ముందు సీటు ఖాళీ, బస్టాండులో దింపేస్తా ఎక్కమన్నాడు. తిరుపతిరావు వెనక్కి చూశాడు. మనీషని చూశాడు, కూతురిని చూశాడు, ఆమె ఒళ్ళో సంచిని చూశాడు. ఎక్కకుండా ఉండిపోతాడేమో అనుకుంది దుర్గ. ఎక్కి పింటు పక్కన కూర్చున్నాడు.

ఇంకొంచెం ముందు ఎండుచేపల బుట్టతో ఒక ముసలామె ఎక్కింది. బుట్ట కాళ్ళ మధ్య సర్దుకుని, ఊపిరి తీసుకుని, ఊరికే కూర్చోలేని మనిషి కాబట్టి దుర్గ వైపు తిరిగింది.

"ఎవుల అమ్మివే నువ్వు?"

మనీష బదులు చెప్పబోతుంటే దుర్గ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. తను కూడా చెప్పలేదు. ముందు సీటులో తండ్రి మెడ వంక చూస్తూ కూర్చుంది. కొలిమి వేడికి ఆ మెడ మీద చర్మం ముదురు రంగుకి తిరిగి, గీతలు గీతలుగా ఉంది.

ఆటో గతుకుల్లో ఊగుతూ పోయింది. ఆ మెడ ఇటు తిరగలేదు.

"ఏటి, సెప్పకూడదేటి?" అని ముసలామె చిన్నబుచ్చుకుని రోడ్డు వైపు తిరిగింది.

బస్టాండు వచ్చింది. అతను తెరుబలికి పట్టుకోవాల్సిన రాయగడ బస్సు స్టార్టయి ఉంది. క్లీనరు తలుపు కొడుతూ ఊరి పేరు అరుస్తున్నాడు. పింటు ఆటో పక్కకి తీసి ఆపాడు. ముసలామె బుట్ట ఎత్తుకుని దిగిపోయింది. తిరుపతిరావు దిగలేదు.

"బాబాయ్, బస్సు," అన్నాడు పింటు.

"పోనీ ముందుకి."

"ఎక్కడికి?"

"ఉమాపతి షావుకారి కొట్టుకి," అన్నాడతను.

మనీష, దుర్గ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముఠిఘర్ కమిటీకి పెద్ద ఉమాపతే. పిల్ల పేరు కొట్టించెయ్యాలన్నా, ఉంచాలన్నా చెప్పాల్సింది ఆయనకే. రాయగడ బస్సు వాళ్ళని దాటుకుని వెళ్ళిపోయింది. తిరుపతిరావు దాని వంక చూడలేదు. వారం నాగా మీద ఇంకో రోజు.

శనివారం బజారు కిటకిటలాడుతోంది. కొట్టు ముందు బియ్యం బస్తాల లారీ ఒకటి నిలబడి ఉంది. హమాలీలు, బేరగాళ్ళు, సంతకి దిగిన కొండవాళ్ళు. సుభశ్రీ అప్పటికే అరుగు పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. దుర్గని చూసి నవ్వబోయి, ముందు సీట్లోంచి దిగుతున్న మనిషిని గుర్తుపట్టి ఆగిపోయింది.

తండ్రి ఆటో ఎక్కిన దగ్గర్నుంచీ దుర్గ ఆ వీపులో ఏదైనా చదవగలనేమోనని చూస్తూనే ఉంది. కోపమా, సిగ్గా, అలసటా, ఏదీ తెలియలేదు. చేతిలో సంచి చెమటకి తడిసింది. సీటు అంచుకి జరిగి ఆగింది.

తిరుపతిరావు కొట్టు మెట్టు మీద కాలు పెట్టాడు. లోపల గల్లా దగ్గర కూర్చున్న ఉమాపతి కళ్ళజోడు సవరించుకుని ఏం కావాలన్నాడు.

అతను ఆయనకి బదులు చెప్పలేదు. మెట్టు మీదే వెనక్కి తిరిగాడు. ఆటో వైపు, ఆమె వైపు, మొహం తిప్పకుండా చూశాడు.

"దుర్గా," అని పిలిచాడు.

గట్టిగా పిలిచాడు. లారీ దగ్గర హమాలీ బస్తా భుజం మీద ఉండగానే ఆగి చూశాడు. కొట్లో ఉన్నవాళ్ళందరూ, ఎదుటి కొట్టువాళ్ళు కూడా ఆటోలో కూర్చున్న పిల్ల వైపు తిరిగారు.

దుర్గ సంచి పట్టుకుని దిగింది. పేరు తర్వాత అతను ఏమంటాడో ఆమెకి తెలియదు. ఉమాపతి గల్లా పెట్టె మూసి లేచి నిలబడ్డాడు.